బొల్దినోలో పుష్కిన్ శరత్తులు

శరదృతువు వచ్చిందంటే మన తెలుగు సంఘాలలో రెండు పనులు మొదలవుతాయి. దసరా దీపావళి కార్యక్రమాలకు స్కూలు హాలు వెతుక్కోవడం ఒకటి, ప్రత్యేక సంచికకు రచనలు పంపండని సభ్యుల వెంటపడడం రెండోది. పండగ పేరు చెప్పి పద్యమో కథో రాయించడం మనవాళ్లకు కొత్త కాదు. దీపావళికి కథల పోటీలు, ఉగాదికి కవి సమ్మేళనాలు మన పత్రికలూ సభలూ పెంచి పోషించిన సంప్రదాయాలే. 1902లో భండారు అచ్చమాంబ గారు రాసిన “ధనత్రయోదశి” కథ సైతం దీపావళి ముందు రోజుల కథే. ఋతువుకీ రచనకీ ఉన్న ఈ చుట్టరికం ఎంతవరకు నిజమైనది, ఎంతవరకు మొక్కుబడి అన్నది తేల్చుకోవాలంటే, ఆ చుట్టరికం బాగా ఫలించిన ఒక సందర్భాన్ని దగ్గరగా చూడడం మంచిదని మాకు తోచింది. అందుకే ఈ వ్యాసంలో రష్యన్ మహాకవి అలెగ్జాండర్ పుష్కిన్ బొల్దినో అనే పల్లెలో గడిపిన రెండు శరత్తుల గురించి, వాటి నుంచి వచ్చిన కవితల గురించి, కథల గురించి ముచ్చటిస్తున్నాము.

ముందుగా సంగతులు. పుష్కిన్ 1799లో మాస్కోలో పుట్టాడు. 1830 వసంతంలో నతాల్యా గొంచరోవాతో ఆయనకు పెళ్లి కుదిరింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు దాటాయి. పేరు ఉంది, అప్పులూ ఉన్నాయి. పెళ్లి ఖర్చుల కోసం తండ్రి ఆయనకు నిజ్నీ నోవ్‌గొరోద్ రాష్ట్రంలో, బొల్దినో ఎస్టేటు పక్కనున్న కిస్తెన్యోవో గ్రామంలో రెండువందల మంది దాస రైతులను రాసిచ్చాడు. భూమి రాసిచ్చినట్లే ఆనాడు మనుషులనూ రాసిచ్చేవారు. ఆ కాగితాల పని చూసుకుని నెలలో తిరిగి వద్దామని పుష్కిన్ ఆగస్టు 31న మాస్కో నుంచి బయలుదేరి సెప్టెంబరు 3న బొల్దినో చేరాడు. (ఈ తేదీలన్నీ పాత రష్యన్ పంచాంగం ప్రకారం. మన లెక్కకు పన్నెండు రోజులు కలుపుకోవాలి.) బయలుదేరే ముందు కాబోయే అత్తగారితో మాటా మాటా వచ్చింది. పెళ్లి జరుగుతుందో లేదో తెలియని స్థితి. అంతకు పది రోజుల ముందే కవి అయిన పెదతండ్రి వసీలీ పుష్కిన్ కాలం చేశాడు.

ఇంతలో కలరా వచ్చింది. వోల్గా నది వెంట పైకి పాకి సెప్టెంబరులో మాస్కోకి చేరింది. దారులన్నిటా క్వారంటీన్లు పెట్టారు. పుష్కిన్ రెండుసార్లు ప్రయాణమై వెనక్కి తిరిగి రావలసి వచ్చింది. నెల అనుకున్నది మూడు నెలలైంది. చివరికి డిసెంబరు 5న మాస్కో చేరి, నాలుగు రోజుల తర్వాత మిత్రుడు ప్లెత్న్యోవ్‌కు జాబు రాస్తూ తాను తెచ్చిన సరుకు జాబితా చెప్పాడు. “ఒనేగిన్” పద్యనవల చివరి అధ్యాయాలు. ఎనిమిది పాదాల పద్యాలలో ఒక హాస్య కథ. కొన్ని చిన్న నాటకాలు. సుమారు ముప్పై ఖండకావ్యాలు. వీటన్నిటి పైన వచనంలో అయిదు కథలు. ప్రపంచ సాహిత్యంలో ఇటువంటి మూడు నెలలు మరొకరికి దక్కాయేమో మాకు గుర్తు రావడం లేదు. రష్యన్లు దీన్ని “బొల్దినో శరత్తు” అని సామెతలాగా వాడుకుంటారు.

మేము వైద్యవృత్తిలో ఉన్నవాళ్లం కాబట్టి కలరా మాట కొంచెం చెప్పుకోవాలి. 1817లో బెంగాలులో, జెస్సోర్ ప్రాంతంలో, ఈ వ్యాధి ఉద్ధృతంగా లేచి మొదటిసారి దేశాలు దాటింది. రెండో దండయాత్రలో 1829లో ఓరెన్‌బుర్గ్‌కు, 1830 వేసవిలో ఆస్త్రఖాన్‌కు, అక్కడి నుంచి మాస్కోకి వెళ్లింది. మన పల్లెల్లో “మరిడి” అని భయపడి మరిడమ్మకు జాతర చేసిన జబ్బు ఇదే. ఆనాటి డాక్టర్లకు దాని కారణం తెలియదు. చెడుగాలి అనుకున్నారు. ఒంట్లో నీరంతా పోతున్న రోగికి రక్తం తీసేవారు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. శరీరంలోకి ఉప్పునీరు ఎక్కించవచ్చునని స్కాట్లండులో థామస్ లాటా 1832లో చూపించినా ఎక్కువమంది పట్టించుకోలేదు. తాగేనీటి వల్ల వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో 1854లో రుజువు చేశాడు. అదే సంవత్సరం ఇటలీలో పచీనీ సూక్ష్మజీవిని చూశాడు, 1884 నాటికి కోక్ నిర్ధారించాడు. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి మరణాలను సుమారు ముప్పై శాతం నుంచి నాలుగు శాతం లోపుకు దింపారు. అంటే పుష్కిన్‌ను ఆపిన క్వారంటీన్లు మనుషులను ఆపాయి కాని నీటిని ఆపలేదు. పైకి ఆరోగ్యంగా కనిపించే మనిషి కూడా ఆ క్రిమిని మోసుకుపోగలడని అప్పుడెవరికీ తెలియదు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నామంటే, 2020లో కోవిడ్ వచ్చి అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు బొల్దినో కథ ఒక ఉపదేశంగా చలామణి అయింది. పుష్కిన్ క్వారంటీన్‌లో ఇన్ని రాశాడు, మీరూ సమయం వృథా చేయకండి అని. ఆ మాట మాకు అప్పుడూ రుచించలేదు, ఇప్పుడూ రుచించదు. తలుపు మూస్తే కావ్యం పుట్టదు. పుష్కిన్ బొల్దినోకి ఖాళీ సంచితో వెళ్లలేదు. “మొజార్ట్, సలియేరి”, “డాన్ హువాన్”, “లోభి” అన్న నాటకాల పేర్లు 1826, 27 ప్రాంతాలలోనే ఆయన కాగితాల మీద ఉన్నాయి. “ఒనేగిన్” 1823లో మొదలుపెట్టినది. సెప్టెంబరు 25న ముగించాననుకుని లెక్క వేసుకుంటే ఏడేళ్ల నాలుగు నెలల పదిహేడు రోజులైంది. ఏళ్ల తరబడి మోసిన బరువును అక్కడ దించుకున్నాడు, అంతే. దీనికి మరో సాక్ష్యం కూడా ఉంది. 1834లో మళ్లీ అదే ఋతువులో, అదే ఇంటికి, అదే ఆశతో వెళ్లాడు. “బంగారు కోడిపుంజు” కథ ఒక్కటే పూర్తయింది. ఇల్లూ అదే, శరత్తూ అదే, పంట మాత్రం రాలేదు.

ఇక రచనల దగ్గరికి వద్దాం. అయిదు కథల్లో మొదటిది సెప్టెంబరు 9న పూర్తయింది. పేరు “శవపేటికల వ్యాపారి”. అద్రియాన్ ప్రొఖొరోవ్ అనే ఈ పెద్దమనిషి కొత్త ఇల్లు మారి, ఎప్పుడు చనిపోతుందా అని ఒక వర్తకుడి భార్య మీద ఆశ పెట్టుకుని కూర్చుంటాడు. పొరుగింటి విందులో తాగి, తనను ఎగతాళి చేశారని కోపం వచ్చి, నా గృహప్రవేశానికి నా ఖాతాదారులైన చనిపోయినవాళ్లనే పిలుస్తానంటాడు. వాళ్లు నిజంగానే వస్తారు. తెల్లవారితే అంతా కల. చుట్టూ మరిడి తిరుగుతున్న రోజుల్లో, పెళ్లి ఊగిసలాడుతున్న మనిషి, ఇంత నిబ్బరంగా చావు మీద హాస్యం రాశాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ హాస్యం పరిచితమే. రాత్రి డ్యూటీలో కాఫీ తాగుతూ డాక్టర్లు, నర్సులు వేసుకునే జోకులు బయటివాళ్లకు చెప్పుకోలేము. అందులో కాఠిన్యం లేదు. తెల్లవారి మళ్లీ వార్డులోకి వెళ్లాలి కనుక ఆ నవ్వు.

రెండో కథ, సెప్టెంబరు 14న ముగిసినది, “స్టేషన్ మాస్టరు”. ఇది రైలు స్టేషను కాదు. గుర్రాలు మార్చుకునే తపాలా మజిలీ. ఆ మజిలీ అధికారి సామ్సన్ వీరిన్ పద్నాలుగో తరగతి ఉద్యోగి, అంటే అట్టడుగు మెట్టు. వచ్చే పోయే ప్రతి ప్రయాణికుడూ గుర్రాలు లేవంటే అతని మీద అరుస్తాడు. అతనికి ఒక్కతే కూతురు దూన్యా. గోడ మీద తప్పిపోయిన కుమారుడి బైబిలు కథ బొమ్మలు వరుసగా తగిలించి ఉంటాయి. మీన్‌స్కీ అనే అశ్వదళ అధికారి ఒకడు వచ్చి, జబ్బు నటించి మూడు రోజులు అక్కడే పడుకుంటాడు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు నాడి చూసి, రోగితో జర్మన్‌లో మాట్లాడి, ఇంటాయనతో రష్యన్‌లో విశ్రాంతి కావాలని చెబుతాడు. ఇరవై అయిదు రూబుళ్ల ఫీజు, పైగా భోజనం. మా వృత్తి మీద ఇంత పొట్టి వెటకారం మరొకచోట చదవలేదు. ఆ డాక్టరు కథలో మళ్లీ కనిపించడు. కాని అతని ఒక్క అబద్ధంతోనే కథ తిరుగుతుంది. దూన్యాను మీన్‌స్కీ పీటర్స్‌బర్గ్ తీసుకుపోతాడు. తండ్రి కాలినడకన వెళ్లి వెతుకుతాడు. చేతిలో నోట్లు కుక్కి బయటికి పంపిస్తారు. ఆయన ఆ నోట్లు నేలకేసి తొక్కి, నాలుగడుగులు నడిచి, ఆలోచించుకుని వెనక్కి వచ్చేసరికి అవి లేవు. ఈ వెనక్కి రావడం దగ్గర పుష్కిన్ ఎంత గొప్ప రచయితో తెలుస్తుంది. ఇంకొకరైతే నోట్లు తొక్కించి చప్పట్లు కొట్టించేవారు.

చివరి భాగంలో కథకుడు మూడోసారి ఆ దారిన వెళ్లేసరికి మజిలీ లేదు, ముసలాయన తాగి తాగి పోయాడు. ఆ ఇంటి కుర్రవాడు సమాధి చూపించడానికి తీసుకెళుతూ, వేసవిలో ఒక అమ్మగారు వచ్చిందని చెబుతాడు. ఆరు గుర్రాల బండి, ముగ్గురు చిన్నపిల్లలు, ఒక దాది, నల్లకుక్క. ముసలాయన పోయాడని వినగానే ఏడ్చిందని, దారి నాకు తెలుసంటూ ఒక్కతే వచ్చి సమాధి మీద చాలాసేపు పడుకుందని, తనకు వెండి నాణెం ఇచ్చిందని ఆ పిల్లవాడు చెబుతాడు. వాడికి ఆ నాణెమే ముఖ్యం. బొమ్మల కథలో కొడుకు చితికిపోయి తిరిగి వస్తే తండ్రి కౌగిలించుకుంటాడు. ఇక్కడ బిడ్డ బాగుపడి తిరిగి వస్తే తండ్రి లేడు. కూతురు నాశనమైపోతుందని ఆయన కుమిలి చచ్చాడు, కూతురు సుఖంగానే ఉంది. ఎవరిది తప్పు?

ఈ ప్రశ్న దగ్గర పరదేశంలో ఉన్న మనలాంటి కుటుంబాలు కొంచెంసేపు ఆగక తప్పదు. మన తల్లిదండ్రులు మనం నాశనమైపోయామని అనుకోలేదు. నలుగురికీ గర్వంగా చెప్పుకున్నారు. అయినా ఆఖరి సంగతి ఒక్కటే. బండి దిగేసరికి ఆలస్యమైపోవడం. 2020, 21 సంవత్సరాలలో విమానాలు లేక, వీసాల ఇబ్బందుల వల్ల, తండ్రి అంత్యక్రియలు ఫోను తెర మీద చూసినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్లలో డాక్టర్లు ఉన్నారు. పగలంతా పరాయివాళ్ల తండ్రుల మంచాల పక్కన నిలబడి, తన తండ్రి దగ్గర నిలబడలేకపోయినవాళ్లు. పుష్కిన్ దూన్యాను తిట్టడు, వెనకేసుకు రాడు. సమాధి దగ్గర ఆమె ఏమనుకుందో కూడా చెప్పడు. దూరం నుంచి చూసిన ఒక పల్లెటూరి పిల్లవాడి నోట నాలుగు ముక్కలు చెప్పించి ఊరుకుంటాడు. మనకు తెలిసిన దుఃఖం అయితే ఆ నాలుగు ముక్కలు చాలు.

ఈ అయిదు కథలను పుష్కిన్ తన పేరుతో వేయలేదు. కీర్తిశేషుడైన ఇవాన్ పెత్రోవిచ్ బేల్కిన్ అనే కల్పిత భూస్వామి రాశాడని, తాను ప్రకటించేవాడిని మాత్రమేనని 1831లో అచ్చు వేశాడు. కవి బరాతీన్‌స్కీ చదివి పగలబడి నవ్వాడట. కాని విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు. బెలిన్‌స్కీ అంతటివాడు ఇవి పుష్కిన్ ప్రతిభకు తగిన కథలు కావన్నాడు. ఆ తీర్పు నిలవలేదు. ఉపమానాలు లేకుండా, విశేషణాల బరువు లేకుండా, క్రియ వెంట క్రియగా పరిగెత్తే ఈ వచనమే తర్వాతి రష్యన్ కథకు దారి వేసింది. అయిదూ సమానమైన కథలని మేము అనము. “మంచు తుపాను”లో యాదృచ్ఛికం మోతాదు మించింది. “దొరసాని రైతుపిల్ల” తీయని పలహారం. నవ్వుతూ తిని మరిచిపోవచ్చు. “తుపాకి దెబ్బ”, “స్టేషన్ మాస్టరు” మాత్రం చదివినకొద్దీ ఎదుగుతాయి.

నాటకాలలో నవంబరు 6న ముగిసిన “మహమ్మారి నాటి విందు” గురించి ఒక్క మాట. ఇది జాన్ విల్సన్ అనే స్కాట్లండు రచయిత 1816 నాటి నాటకంలో ఒక దృశ్యానికి అనుసరణ. 1829లో పారిస్‌లో అచ్చయిన ఆంగ్ల కవుల సంపుటి ఒకటి పుష్కిన్ దగ్గర ఉంది, అందులోది. దాంట్లోని రెండు పాటలు మాత్రం పుష్కిన్ సొంతం. ప్లేగు నడుస్తుండగా కొందరు వీధిలో బల్ల వేసుకుని తాగుతుంటారు. వాళ్ల అధ్యక్షుడు తల్లినీ భార్యనూ పోగొట్టుకున్నవాడు. ప్రమాదం అంచున నిలబడడంలో ఉన్న మత్తును పొగుడుతూ పాట పాడతాడు. మతగురువు వచ్చి మందలిస్తాడు. ఇద్దరిలో ఎవరు గెలిచారో నాటకం చెప్పదు. అధ్యక్షుడు ఆలోచనలో మునిగి ఉండగా తెర పడుతుంది. మాస్కులు తీసేసి విందులు చేసుకున్నవాళ్లను చూసి 2020లో మాకు ఒళ్లు మండింది. ఆ కోపం న్యాయమే. అయితే వాళ్లలో కొందరు భయం భరించలేక అలా నవ్వుతున్నారన్న సంగతి ఈ నాటకం చదివాకే మాకు పట్టుబడింది.

ఇంతగా మెచ్చుకున్నాక, మెచ్చుకోలేని సంగతి కూడా చెప్పాలి. బొల్దినో తీరిక ఎవరి ఖర్చు మీద వచ్చింది? పుష్కిన్ మాస్కో చేరాక, 1831 ఆరంభంలో, ఆ రెండువందల మంది రైతులను తనఖా పెట్టి 38,000 రూబుళ్లు తెచ్చాడు. అందులో 11,000 అత్తగారికిచ్చాడు, కూతురికి కట్నం లేకుండా పంపనని ఆవిడ పట్టుబట్టింది కనుక. కట్నం కోసం అల్లుడే అప్పు తెచ్చి అత్తగారికిచ్చిన ఈ వింత మన తెలుగు కుటుంబాలకు కూడా కొత్తగానే ఉంటుంది. కాని ఆ రెండువందల మంది పేర్లు ఏ కావ్యంలోనూ లేవు. ఆయనకు ఇది బొత్తిగా తోచలేదనడం అన్యాయం. అదే శరత్తులో “గొర్యూఖినో గ్రామ చరిత్ర” అని ఒకటి మొదలుపెట్టాడు. చరిత్రకారుల గంభీర శైలిని వెక్కిరిస్తూ, గుమాస్తా పాలనలో ఒక పల్లె ఎలా దివాలా తీసిందో చెప్పే రచన. అది పూర్తి కాలేదు. నవ్వుతో మొదలై, నవ్వు సరిపోని చోటికి వచ్చి ఆగిపోయిందని మా అనుమానం.

ఇక రెండో శరత్తు. 1833లో పుష్కిన్ పుగచోవ్ తిరుగుబాటు చరిత్ర కోసం కజాన్, ఓరెన్‌బుర్గ్ ప్రాంతాలు తిరిగి, అక్టోబరు 1న బొల్దినో చేరి నెలకు పైగా ఉన్నాడు. “కంచు రౌతు” కావ్యం, “ఇస్పేటు రాణి” కథ, పుగచోవ్ చరిత్ర, జాలరి ముసలమ్మ కథ అన్నీ అప్పటివే. “కంచు రౌతు” 1824 నాటి పీటర్స్‌బర్గ్ వరదలో ప్రేయసిని పోగొట్టుకుని మతి చెడిన ఒక చిన్న గుమాస్తా కథ. జారు నికలాయ్ స్వయంగా పెన్సిలు పట్టుకుని అభ్యంతరాలు పెట్టడంతో కవి బతికుండగా పూర్తిగా అచ్చు కాలేదు. “ఇస్పేటు రాణి” 1834లో పత్రికలో రాగానే పేకాటరాయుళ్లు మూడు, ఏడు, ఆసు మీద పందేలు కాయడం మొదలుపెట్టారని పుష్కిన్ డైరీలో రాసుకున్నాడు. ఆ కథలో హెర్మన్ చివరికి ఒబూఖొవ్ ఆసుపత్రిలో పదిహేడో నెంబరు గదిలో ఉంటాడు. ఆ వాక్యం కేసు షీటులాగా ఉంటుంది. పిచ్చిని వర్ణించకుండా గది నెంబరు చెప్పి వదిలేయడం మాకు ఎంతో నచ్చింది.

ఈ శరత్తులోనే “శరత్తు” అన్న పేరుతో, ఖండిక అన్న ఉపశీర్షికతో ఒక కవిత రాశాడు. బతికుండగా దాన్ని ప్రచురించలేదు. ఎనిమిది పాదాల పద్యాలు. ఋతువులన్నిటినీ వరసగా లెక్క చూస్తాడు. వసంతం పడదంటాడు: కరిగే మంచు, బురద, కంపు, ఒంట్లో నలత. వేసవి ఇష్టమే కాని దుమ్ము, దోమలు, ఈగలు లేకపోతే. చలికాలం బాగుంటుంది, ఆరు నెలల పాటు మంచే అయితే ఎలుగుబంటికి కూడా విసుగే. చివరికి ఇంట్లో ఎవరూ ముద్దుచేయని పిల్ల మీద మనసు పోయినట్లు శరత్తు మీద మనసు పోయిందంటాడు. ఇంకా వెళ్లి, క్షయరోగంతో ఉన్న కన్యను ఇష్టపడడం వంటిదని పోలుస్తాడు. ఆమె సణగకుండా వాలిపోతుంది, ఇవాళ చెక్కిళ్లలో రంగు ఉంది, రేపు ఉండదు. ఆ చెక్కిళ్ల ఎరుపు సాయంత్రపు జ్వరానిదని వైద్యులకు తెలుసు. ఆ కాలపు కవులు క్షయను అందమైన జబ్బుగా చేశారు. దగ్గు, రక్తం, పక్క గదిలో ఉన్న తల్లి వాళ్ల పద్యాల్లో కనిపించవు. పుష్కిన్ కూడా ఆ మేరకు కాలానికి లొంగాడు. కాని ఆయన దీన్ని గొప్ప చేయడు. ఈ ఇష్టానికి కారణమేమిటో చెప్పలేనట్లు, కొంచెం తడబడుతూ చెబుతాడు. ఆ తడబాటు వల్ల పోలిక నిలిచింది.

తర్వాత కవిత ఒంటి మీదికి వస్తుంది. చలి తనకు ఆరోగ్యమని, నిద్రా ఆకలీ వేళకు వస్తున్నాయని, నెత్తురు చురుగ్గా ఉందని చెబుతాడు. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుంటే మాటలు వస్తాయి, వేళ్లు కలాన్ని అడుగుతాయి. తెరచాపలు గాలి పోసుకుని ఓడ కదులుతుంది. ఎక్కడికి వెళదాం అని అడిగి, అక్కడ ఆపేస్తాడు. ప్రకృతి వర్ణన ఇందులో నిజానికి కొద్దిగానే ఉంది. ఋతువు మారితే ఒక మనిషి నిద్ర, ఆకలి, నాడి ఎలా మారతాయో, ఆ మార్పులోంచి పద్యం ఎలా లేస్తుందో చెప్పిన కవిత ఇది.

దీన్ని తెలుగులోకి తేవాలంటే పేరు దగ్గరే చిక్కు. మన శరత్తు వేరు. ఆశ్వయుజ కార్తికాలలో వానలు వెలిసి, ఆకాశం కడిగినట్లయి, చెరువులు తేటపడి, వెన్నెల పిండారబోసినట్లుంటుంది. మనకు ఆకులు రాలేది శిశిరంలో. కాళిదాసు ఋతువులను గ్రీష్మంతో మొదలుపెట్టి ఆరుగా చెప్పాడు. రష్యాలో, ఇక్కడ అమెరికాలో, నాలుగే. పుష్కిన్ కవితకు “శరత్తు” అని పేరు పెడితే తెలుగు పాఠకుడి మనసులో పున్నమి వెన్నెల వెలుగుతుంది. లోపల మాత్రం బూడిదరంగు ఆకాశం, గడ్డకట్టబోయే చెరువు. “ఆకురాలు కాలం” అంటే అర్థం దగ్గర పడుతుంది. మన సొంత శరత్కవితల్లో అన్నిటికంటే పెద్ద కథ నన్నయ గారిది. ఆరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆయన గంటం ఆగిందని, అదే ఆయన ఆఖరి పద్యమని పెద్దలు చెబుతారు. మూడు శతాబ్దాల తర్వాత ఎఱ్ఱన ఆ శేషాన్ని శరత్కాలపు ఉదయంతో అందుకున్నాడు. ఒకరు రాత్రి దగ్గర ఆపితే మరొకరు తెల్లవారుజాము నుంచి మొదలుపెట్టారు. ఇద్దరూ తమ కళ్లముందున్న ఆకాశాన్నే చూసి రాశారు.

మన బాధ ఇక్కడే ఉంది. మన సంఘాల సంచికల్లో ఏటా వచ్చే ఉగాది కవితలు చూడండి. మామిడి చిగురు, కోకిల, వేపపువ్వు. రాసినాయన కిటికీ బయట మార్చి నెల మంచు. వేపపువ్వు ఫ్రీజరులోంచి వచ్చింది, లేదా ఎవరో ఊరినుంచి ఎండబెట్టి తెచ్చిన పొట్లం. ఆ పొట్లం గురించి ఒక్కరూ రాయరు! జ్ఞాపకం రాయకూడదని మేము అనడం లేదు. పుష్కిన్ కూడా సెప్టెంబరు 7న, ఇంకా మంచు పడకముందే, మంచు తుపానులో దారి తప్పిన బండి మీద గొప్ప పద్యం రాశాడు. ఎదురుగా లేని ఋతువును రాయవచ్చు. కాని దాన్ని తన భయంతోనో, తన ఆశతోనో నింపాలి. పాత పద్యాలలోంచి కోకిలను అరువు తెచ్చుకుంటే అది కూయదు. అక్టోబరులో ఓకు ఆకులు ఊడ్చి సంచులకెత్తుతూ నడుం పట్టేసిన తెలుగువాడి గురించి, నాలుగున్నరకే చీకటిపడే రోజుల్లో ఇంట్లో ఒక్కతే కూర్చుని కుంగిపోయే అమ్మమ్మ గురించి పద్యం ఇంకా రావలసి ఉంది. చీకటి రోజుల్లో మనసు కుంగడానికి వైద్యంలో పేరు ఉంది, మందు ఉంది, వెలుతురు దీపం చికిత్స ఉంది. దానికి తెలుగులో పద్యం లేదు.

పుష్కిన్ 1837లో ద్వంద్వయుద్ధంలో పొట్టలో గుండు దిగి, రెండు రోజులు బాధపడి, ముప్పై ఏడేళ్లకే పోయాడు. ఈనాటి ట్రామా వార్డులో అయితే బతికించే ప్రయత్నమైనా చేసేవాళ్లం. ఆయన మంచం దగ్గర ఉన్నవారిలో వ్లదీమిర్ దాల్ ఒకరు. వృత్తికి వైద్యుడు, తర్వాత గొప్ప రష్యన్ నిఘంటువు కూర్చినవాడు. వైద్యుడికి మాటల మీద ప్రేమ ఉండకూడదన్న నియమమేమీ లేదని చెప్పడానికి ఆయన పేరు చాలు.

పాఠక మిత్రులకు మా మనవి ఇది. ఈ చలికాలంలో “బేల్కిన్ కథలు” ఇంగ్లీషులోనైనా సంపాదించి చదవండి. సన్నని పుస్తకం, రెండు సాయంత్రాల పని. “స్టేషన్ మాస్టరు”ను ఇంట్లో పిల్లలకు తెలుగులో చెప్పి చూడండి. సమాధి దగ్గరికి వచ్చాక వాళ్లు ఏం అడుగుతారో వినండి. వచ్చే సంచికకు కవిత పంపదలచినవారు మాత్రం దయచేసి ముందు ఒకసారి కిటికీ తెరిచి బయటికి చూడవలసిందిగా కోరుతున్నాము.